నలభై ఏడో లెక్క

టీచరమ్మ ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయింది. నిద్రలో లేపి అడిగినా ఓమ్ నియమం తడుముకోకుండా ఒప్పజెబుతుంది. కానీ ఇంట్లో ఫ్యాను వేయాలంటే మాత్రం చెక్క స్కేలు తెచ్చుకుని, చెయ్యంత దూరంలో నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని, ఆ స్కేలు చివరతో స్విచ్చి నొక్కుతుంది. కరెంటు మనిషిని ఏం చేయగలదో లెక్కగట్టి మరీ తెలిసిన మనిషాయె.

కోడలిది పూర్తిగా వేరే తంతు. ఇంటి ముందు గదిలో ఆమె వైండింగ్ షాపు. కాలిపోయిన మోటారు ఎవరైనా తెచ్చి బల్ల మీద పెడితే, ముక్కు దగ్గరగా వంగి ఒక్కసారి వాసన చూసి, "స్టార్టింగ్ కాయిలు పోయింది" అనేస్తుంది. మీటరు పెట్టి చూడటం ఆ తర్వాత సంగతి. ఈ అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కప్పు కింద పదిహేడేళ్ళు కాపురం ఉండి, కరెంటు గురించి ఒక్క ముక్కయినా మాట్లాడుకోలేదంటే ఎవరూ నమ్మరు. దానికో కారణం ఉంది.

కోడలు తొమ్మిదో తరగతి ఈ టీచరమ్మ దగ్గరే చదివింది. ఫిజిక్సులో ముప్పై నాలుగు వచ్చాయి. పాసు మార్కు ముప్పై అయిదు. పిల్ల నాన్న చేతులకంటిన వార్నిషు తుడుచుకుంటూ స్కూలుకొచ్చి, "ఒక్క మార్కే కదమ్మా" అని అడిగాడు. "ఒక్కటే కాబట్టి ఆ అమ్మాయే తెచ్చుకుని ఉండాల్సింది" అని టీచరమ్మ పంపేసింది. పిల్ల మళ్ళీ బడి గడప తొక్కలేదు. నాన్న పక్కన కూర్చుని రాగి తీగ చుట్టడం నేర్చుకుంది. అదే తరగతిలో చదివి, అన్ని పరీక్షలూ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన టీచరమ్మ కొడుకు పెద్దయ్యాక బస్సు డ్రైవరయ్యాడు. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని భీష్మించుకున్నాడు. టీచరమ్మ కాదనలేదు, కోడలు కూడా ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. కానీ ఆ ముప్పై నాలుగు సంగతి ఆ ఇంట్లో మూత పెట్టిన గిన్నెలా అలాగే ఉండిపోయింది.

ఇలా ఉండగా లైసెన్సు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇకమీదట వైండింగ్ షాపు నడిపేవాళ్ళు హైస్కూలు ఫిజిక్సు పరీక్ష పాసై ఉండాలట. గడువు మూడు నెలలు. పాసు కాకపోతే షాపు మూసేయాలి. ఆ ఆఫీసులో తిరిగే ఫ్యాన్లన్నీ కోడలు చుట్టినవే, కానీ కాగితానికి ఆ గాలి తగలదు కదా.

ఆ సాయంత్రం కోడలు చేతులు కడుక్కుని వచ్చి అత్తగారి ఎదుట నిలబడింది.

"నాకు ఫిజిక్సు చెబుతారా అత్తయ్యా?"

టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. నిజానికి ఆ కళ్ళజోడు శుభ్రంగానే ఉంది. "రేపు పొద్దున ఆరింటికి కూర్చో. పెన్సిలు చెక్కుకుని రా" అంది.

టీచరమ్మ పాఠమంటే ఒక పుస్తకం. ఇరవై ఆరేళ్ళ కిందట తనే కూర్చుని నూట పన్నెండు లెక్కలు తయారుచేసి, చివర జవాబులు వేసి, స్టెన్సిల్ కోసి అచ్చు తీయించింది. ఆ చుట్టుపక్కల ఫిజిక్సు చెప్పేవాళ్ళలో ఆ పుస్తకం లేనివాళ్ళు లేరు. ఆమె నియమాలు కూడా అందరికీ కంఠతా వచ్చు. యూనిట్టు రాయకపోతే ఒక మార్కు కోత. సమాంతరంగా కలిపిన నిరోధాలను లెక్కగట్టి, చివర తలకిందులు చేయడం మరిచిపోతే మొత్తం సున్నా. ఆ సున్నా కూడా ఎర్రసిరాతో గుండ్రంగా, కాంపాసు పెట్టి గీసినంత అందంగా ఉండేది.

మొదటి లెక్క ఇచ్చింది. పన్నెండు వోల్టుల బ్యాటరీకి అర ఓము నిరోధం కలిపారు, ప్రవాహమెంత?

కోడలు చాలాసేపు ఆలోచించి రాసింది. "తీగ కాలుతుంది. ముందు తీసేయాలి."

"కాలుతుందో లేదో నిన్నెవరడిగారు?"

"అడగక్కర్లేదత్తయ్యా. వాసనొస్తుంది."

"బ్యాటరీకి లోపల నిరోధమేమీ లేదనుకో."

"అలాంటి బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. షాపుకి రెండు తెచ్చుకుంటాను."

టీచరమ్మ ఎర్రసిరా పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. రెండు వారాలు ఇదే వరస. ఇచ్చినవి, కనుక్కోవలసింది, సూత్రం, సాధన అని నాలుగు గళ్ళు గీసి రాయమంటే కోడలు ఆ గళ్ళను కొత్త చీర మీద మరకను చూసినట్టు చూసేది. కాయిలు చుట్టడంలో ఎన్ని చుట్లో, ఏ గేజి తీగో నోటి లెక్కగా చెప్పే మనిషి, కాగితం మీదికొచ్చేసరికి బిగుసుకుపోయేది.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ కోడల్ని పిలవడానికి ముందు గదిలోకి వెళ్ళింది. ఎడమా కుడీ తీగ చుట్టలు, వార్నిషు వాసన, బల్ల కింద వరసగా మోటార్లు. ప్రతి మోటారుకీ ఒక అట్టముక్క వేలాడుతోంది. ఒకటి తిప్పి చూసింది. కోడలి చేతిరాత. "వచ్చింది: నీళ్ళ మోటారు, అర హెచ్‌పీ. కంప్లయింటు: మూలుగుతోంది, తిరగడం లేదు. చేసింది: స్టార్టింగ్ కాయిలు కొత్తది. టెస్టు: తేలింది." అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ముప్పై మూడేళ్ళలో తన దగ్గర చదివిన పిల్లలెవరూ ఇంత చక్కగా రాయలేదని టీచరమ్మకు అప్పుడు తోచింది. కొంచెం ఈర్ష్యగా కూడా అనిపించింది.

మర్నాడు పొద్దున లెక్క ముందు పెట్టి, "ఇది నీ షాపుకొచ్చిందనుకో. ట్యాగు రాయి" అంది.

ఆ రోజు నుంచి బండి గాడిలో పడింది. వచ్చింది, కంప్లయింటు, చేసింది, టెస్టు. నాలుగు గళ్ళూ టకటకా నిండేవి. టీచరమ్మకు నచ్చనిది ఒక్కటే, ఆ చివరి గడి. కోడలు జవాబు రాగానే వదిలేది కాదు. దాన్ని పట్టుకుని లెక్క చివరి నుంచి మొదటికి వెనక్కి నడిచేది.

"జవాబు వచ్చేసింది కదా, ఇంకా టెస్టేమిటి?"

"టెస్టులో తేలకుండా ట్యాగు కడితే, కస్టమరు ఆ మోటారు నెత్తిన పెట్టుకుని తిరిగొస్తాడత్తయ్యా."

వృత్తాకార చలనం దగ్గర మాత్రం ఇల్లు రెండు ముక్కలయింది. గుండ్రంగా తిరిగే వస్తువును కేంద్రం వైపు లాగే అభికేంద్ర బలం ఒక్కటే నిజమనీ, బయటికి తోసే అపకేంద్ర బలమన్నది ఉత్త భ్రమ అనీ టీచరమ్మ చెప్పింది. కోడలు లేచి వెళ్ళి ఒక మోటారు విప్పి తెచ్చి, కాఫీ గ్లాసుల మధ్య పెట్టింది.

"ఇది సెంట్రిఫ్యూగల్ స్విచ్. మోటారు వేగం అందుకోగానే ఈ బరువులు బయటికి జరిగి స్టార్టింగ్ కాయిలుకి కరెంటు ఆపేస్తాయి. మీరు లేదంటున్న బలమే ఇక్కడ కూర్చుని పొద్దస్తమానం పనిచేస్తోంది."

"బరువులు తిన్నగా పోదామనుకుంటాయి. లోపలికి లాగే స్ప్రింగు బలం చాలదు. అందుకని దూరం జరుగుతాయి. అంతేగాని బయటికి తోసేవాడెవడూ లేడు."

"తోసేవాడు లేకుండానే బయటికి పోయాయంటారు."

"పోయాయి."

"మరి అదే కదా నేనంటున్నది."

నాలుగు రోజులు మాటల్లేవు. అన్నం వడ్డించేటప్పుడు కూడా కొడుకు ద్వారానే కబుర్లు నడిచాయి. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిన ఆ కొడుకు, "ఇద్దరూ నా బస్సెక్కండి, ఆ పెద్ద మలుపు దగ్గర తేలిపోతుంది" అన్నాడు.

ఎక్కారు. కోడలు రాడ్డు పట్టుకుని నిలబడింది. సిద్ధాంతం తన పక్షాన ఉండగా రాడ్డెందుకని టీచరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. మలుపొచ్చింది. టీచరమ్మ వెళ్ళి కిటికీ పక్కన టమాటాల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఒక లావుపాటి ఆవిడ ఒళ్ళో కూర్చుంది.

"మెల్లగా అమ్మా, ఎవరు నెట్టారు?" అని అడిగింది ఆవిడ.

"నన్నెవరూ నెట్టలేదు" అంది టీచరమ్మ, ఆ ఒళ్ళోనే నిటారుగా కూర్చుని. "నేను తిన్నగానే వెళ్ళాను. బస్సే తిరిగింది."

బస్సంతా నవ్వింది. కోడలు మాత్రం నవ్వలేదు, కాస్త ఆలోచించింది. ఇంటికొచ్చాక చితికిన టమాటా మరకను అత్తగారి చీర మీంచి ఉతుకుతూ, "బస్సే తిరిగిందన్నది బాగుందత్తయ్యా. ఇప్పుడర్థమైంది" అంది. టీచరమ్మకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

ఒక్క విషయం మాత్రం ఆమెకు అంతుచిక్కలేదు. నలభై ఏడో లెక్క వచ్చేసరికి కోడలికి ఎక్కడలేని పనీ గుర్తొచ్చేది. ఒకసారి వార్నిషు ఆరిపోతోందంది. ఇంకోసారి ఎవరో పిలుస్తున్నారంది, గుమ్మంలో చూస్తే పిల్లి కూడా లేదు. మూడోసారి, "అది నాకొచ్చులెండి" అని పేజీ తిప్పేసింది. తేలిక లెక్కే కదా అని టీచరమ్మ ఊరుకుంది.

పరీక్ష రోజు కోడలు తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుంది.

"ఎలా రాశావు?"

"బాగానే రాశాను. మీ పుస్తకంలోంచి ఒక లెక్క యథాతథంగా ఇచ్చారు. నలభై ఏడు."

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. పేపర్లు దిద్దేవాళ్ళకు పెద్ద, జవాబుల పట్టిక రాసేవాడు తన పాత శిష్యుడే. క్లాసులో బోర్డు తుడిచే పని ఎప్పుడూ వాడిదే కాబట్టి వాణ్ణి అందరూ డస్టరు అనేవారు. "అయిదు మార్కులు జేబులో పడ్డట్టే. రెండున్నర ఆంపియర్లు."

"రెండు రాశానత్తయ్యా."

"రెండున్నర. పుస్తకంలో ఉంది కదా."

"ఉంది. నాకు తెలుసు. కానీ రెండున్నర పెడితే టెస్టు తేల్లేదు."

టీచరమ్మకు ఒళ్ళు మండింది. ఆ అయిదు మార్కులూ పోతే కోడలు పాసవడం కష్టమని తనకు తెలుసు. మూడు నెలలు పొద్దున్నే లేచి చెబితే, తెలిసి తెలిసి చివర్లో తన పైత్యం చూపిస్తుందా? కాగితం తీసి లెక్క వేయడం మొదలుపెట్టింది, చూపిద్దామని. పదిహేను వోల్టులు. మూడు ఓములూ ఆరు ఓములూ సమాంతరంగా, వాటికి శ్రేణిలో అయిదున్నర. మూడింట ఒక వంతు, ఆరింట ఒక వంతు, కూడితే సగం. సగానికి అయిదున్నర కలిపితే ఆరు. పదిహేనుని ఆరుతో భాగిస్తే రెండున్నర. చూశావా అనబోయింది.

సగం దగ్గర ఆమె పెన్సిలు ఆగింది. ఆ సగాన్ని తలకిందులు చేయాలి. చేస్తే రెండు. రెండుకు అయిదున్నర కలిపితే ఏడున్నర. పదిహేనుని ఏడున్నరతో భాగిస్తే రెండు.

గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఇరవై ఆరేళ్ళుగా వందలమందికి ఏ తప్పుకైతే ఆమె సున్నాలు చుట్టిందో, ఆ తప్పును తన పుస్తకంలో తనే చేసి, అచ్చు తీయించి, ఊరంతా పంచిపెట్టింది. లెక్క రానివాళ్ళు తమకే రాలేదనుకున్నారు. వచ్చినవాళ్ళు జవాబు చూసి, తమదే తప్పనుకుని దిద్దుకున్నారు.

ఆమె లేచి ముందు గదిలోకి నడిచింది. కోడలు వెనకే వచ్చి, ఏమీ అడగకుండానే మూడు తీగముక్కలు కొలిచి కత్తిరించి కలిపింది. సప్లై పెట్టెను పదిహేను వోల్టులకు తిప్పి, మీటరు పెట్టింది. టీచరమ్మ స్కేలు కోసం కూడా చూడలేదు. సొంత వేలితో స్విచ్చి నొక్కింది. ముల్లు లేచి రెండు దగ్గర, ఒక వెంట్రుకవాసి ఇవతల నిలబడింది.

"కలిపిన తీగకీ కాస్త నిరోధం ఉంటుంది కదత్తయ్యా" అంది కోడలు, ముల్లు తరఫున సంజాయిషీ చెబుతున్నట్టు.

"నీకు ముందే తెలుసా?"

కోడలు స్విచ్చి ఆపింది. "తొమ్మిదో తరగతి పరీక్షలో కూడా ఇదే ఇచ్చారు. అప్పుడూ రెండే రాశాను."

టీచరమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. ముప్పై నాలుగు మార్కులు. వార్నిషు చేతులతో వచ్చి నిలబడ్డ ఆ తండ్రి. అదే పరీక్షలో తన కొడుకు ఒక్క ముక్క అర్థం కాకుండా రెండున్నర బట్టీ పట్టి రాసి పాసయ్యాడు. ఆమెకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది.

"మరి ఈ మూడు నెలలూ ఎందుకు చెప్పలేదే? ఆ బలం లేదంటే నాతో నాలుగు రోజులు పోట్లాడావు కదా."

"ఆ పోట్లాట బలం గురించి. ఇది మీ గురించి" అంది కోడలు.

మర్నాడు టీచరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని పేపర్లు దిద్దే ఆఫీసుకు వెళ్ళింది. పొడవాటి గదిలో పన్నెండుమంది టీచర్లు కట్టలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో తొమ్మిదిమంది ఆమె దగ్గర చదివినవాళ్ళే. కుర్చీలు జరుపుకుంటూ అందరూ లేచారు. బట్టతలా, పొట్టా వచ్చిన డస్టరు పరిగెత్తుకొచ్చి కుర్చీ వేశాడు.

"నలభై ఏడో లెక్కకు మీ పట్టికలో జవాబు తప్పు" అంది టీచరమ్మ.

"తప్పెలా అవుతుంది టీచర్? అది మీ పుస్తకంలోది."

"అందుకే తప్పు."

డస్టరు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "మీ కోడలు గారు కూడా రాశారని విన్నాను టీచర్. మీరింత చెప్పాలా? నంబరు చెప్పండి చాలు, నేను చూసుకుంటాను."

ఒక్క అంకె చెబితే చాలు, కోడలి షాపు నిలుస్తుంది, తన పరువూ నిలుస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ తను ఒక్క మార్కు కోసం ఒక తండ్రిని వెనక్కి పంపింది. ఆ మనిషికి ఇప్పుడేం చెబుతుంది?

"నంబరు వద్దు. సుద్దముక్క ఇవ్వు."

బోర్డు మీద బొమ్మ గీసింది. నెమ్మదిగా, తన పుస్తకంలో ఉన్నట్టే, లెక్క చేసుకుంటూ వచ్చింది. సగం దాకా వచ్చి, దానికి అయిదున్నర కలపబోయింది.

"తలకిందులు చేయాలి టీచర్" అన్నాడు డస్టరు అలవాటు కొద్దీ. అని, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"చేయలేదు నేను. ఇరవై ఆరేళ్ళ కిందటే మరిచిపోయాను." ఆమె గది వైపు తిరిగింది. "అలా మరిచిపోతే ఎన్ని మార్కులు?"

అందరూ బల్లల వంక చూస్తున్నారు.

"చెప్పండర్రా."

"సున్నా టీచర్" అన్నారు తొమ్మిదిమందీ ఒకే గొంతుతో.

టీచరమ్మ తన లెక్క పక్కన సున్నా చుట్టింది. ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది. పట్టికలో జవాబు దిద్దించి, పరీక్ష రాసిన ప్రతివాళ్ళకూ అదే వర్తించేలా సంతకం పెట్టించి, అప్పుడు గాని గది దాటలేదు. తిరిగొచ్చేటప్పుడు కొడుకు బస్సులో, మలుపు దగ్గర, రాడ్డు గట్టిగా పట్టుకుంది.

ఫలితాల్లో కోడలికి ముప్పై ఏడు వచ్చాయి. ఆ అయిదూ లేకపోతే ముప్పై రెండు. లైసెన్సు వచ్చిన రోజు దాన్ని గోడకు కొట్టి, కోడలు ఎప్పటిలా ఒక మోటారు ముందేసుకుని కూర్చుంది. టీచరమ్మ బల్ల మీంచి ఒక ఖాళీ ట్యాగు తీసుకుని, ఎర్రసిరా పెన్నుతో చాలాసేపు రాసి, కోడలి చేతికిచ్చింది.

"వచ్చింది: నలభై ఏడో లెక్క. కంప్లయింటు: టీచరు తలకిందులు చేయలేదు. చేసింది: ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగా దిద్దడమైనది. టెస్టు: తేలింది. తొమ్మిదో తరగతి ఫిజిక్సు, ముప్పై నాలుగుకు ఒకటి కలిపి, ముప్పై అయిదు. పాసు."

కోడలు చదివింది. మళ్ళీ చదివింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత ట్యాగును వెలుతురులో పెట్టి, నాసిరకం తీగను పరీక్షించినట్టు చూసింది.

"ఒకటే వేశారేం అత్తయ్యా? ఇది అయిదు మార్కుల లెక్క కదా."

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. చూపు మాత్రం క్లాసులో చూసే చూపే.

"అప్పుడు రెండు పక్కన ఆంపియర్లని రాశావా?"

కోడలు నిజాయితీగా ఆలోచించింది. "గుర్తు లేదు."

"అయితే నాలుగు" అని, టీచరమ్మ ట్యాగు తీసుకుని ముప్పై అయిదు కొట్టేసి, ముప్పై ఎనిమిది వేసింది.